ఎవరి పేరుకు వాళ్ళే

నగ్మాకు ఆ ఇంట్లో స్విచ్చులు ఇంకా అలవాటు కాలేదు. ఫ్యాను వెయ్యబోతే లైటు వెలుగుతుంది. లైటు వెయ్యబోతే కింద వరండాలో గంట మోగుతుంది. గంట మోగినప్పుడల్లా అత్తగారు నూర్ బీ వంటింట్లోంచి, "ఎవరూ రాలేదు, మా కోడలు నిద్ర లేచింది," అని పక్కింటివాళ్ళకు వినపడేలా చెప్తుంది. నగ్మాకు ఆ మాట ఎంత నచ్చిందంటే, ఏ స్విచ్చు ఏదో తెలిశాక కూడా ఒకటి రెండుసార్లు కావాలనే నొక్కింది.

ఆ పొద్దున టీ గ్లాసులు పట్టుకుని ఆమె మేడ మీది గదికి వెళ్ళేసరికి భర్త వజీర్ అప్పటికే పనిలో ఉన్నాడు. తెనాలిలో కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, ఎక్కడో అద్దెకు తీసుకున్న సర్వరు మెషీన్‌ను ఈ గదిలో కూర్చుని నడిపేవాళ్ళు తక్కువ. ఇప్పుడతని చేతిలో ఉన్నది వీరరాఘవ ఆక్వా వాళ్ళ పని. రొయ్యల కంపెనీ. ఆఫీసు తెనాలిలో, పరీక్షల ల్యాబు రేపల్లెలో, రొయ్య పిల్లల హేచరీ బాపట్ల పక్కన. మూడుచోట్లా కలిపి అందరూ ఇన్నాళ్ళూ ఒకటే మెయిల్ ఐడీ, ఒకటే పాస్‌వర్డు వాడుకుంటున్నారు. ఇకనుంచి ఎవరి ఐడీ వాళ్ళకు ఉండాలి. సోమవారం నుంచి పాతది ఆపేస్తారు.

వజీర్ పని చేసే తీరు నగ్మాకు చూసినకొద్దీ చూడాలనిపిస్తుంది. వేళ్ళు గబగబా నడుస్తాయి. ఎంటర్ నొక్కే ముందు మాత్రం చెయ్యి గాల్లో ఆగిపోతుంది. రాసిన వరస మొదటినుంచీ మళ్ళీ చదువుతాడు, పెదవులు కదుపుతూ. అప్పుడు నొక్కుతాడు.

"ఇదివరకు ఒక్కో మనిషికీ మెషీన్ లోపల ఒక్కో అకౌంటు తెరిచేవాళ్ళు," అన్నాడు తెరమీంచి కళ్ళు తీయకుండానే. "మనిషిని ఇంట్లోకి రానిచ్చినట్టన్నమాట. ఇప్పుడు అక్కర్లేదు. లోపల ఉండేది ఒక్కడే, కాపలాదారు. ఉత్తరాల పెట్టెలన్నీ వాడి చేతికిందే. మిగతావాళ్ళంతా డేటాబేసులో ఒక్కో వరస, అంతే."

"మరి మనుషులు?"

"మనుషులు రేపల్లెలో ఉన్నారు, బాపట్లలో ఉన్నారు. ఇందులో ఎందుకు?"

నగ్మా కుర్చీ దగ్గరికి జరుపుకుంది. వడ్లమూడిలో చదువుకునేటప్పుడు ఆమె కూడా డేటాబేసు ప్రశ్నలు రాసింది. ఎప్పుడూ విద్యార్థులు, వాళ్ళ మార్కులు. పరీక్ష అయిపోతే ఆ విద్యార్థులూ ఉండరు, మార్కులూ ఉండవు. ఇక్కడ అదే ప్రశ్న ఒక ఉత్తరాన్ని ఇల్లు చేరుస్తోంది. వజీర్ మూడు పట్టికలు చూపించాడు. మొదటిది, ఏ కంపెనీ పేరు మనది అని. రెండోది, అందులో ఎవరెవరు ఉన్నారు అని. మూడోది, ఒకరికి రాస్తే వాళ్ళ బదులు ఇంకెవరికి చేర్చాలి అని. ఉత్తరం గుమ్మంలోకి రాగానే సర్వరు ఈ పట్టికలను అడుగుతుంది.

"అడిగి చూడనా?" అంది.

ఆఫీసు మేనేజరు శశిధర్ పేరు కొట్టింది. తెర మీద 1 అని వచ్చింది. ఉన్నాడని అర్థం. అత్తగారి పేరు కొట్టింది. ఏమీ రాలేదు.

"లేనివాళ్ళకు ఏమీ చెప్పదు. ఊరుకుంటుంది," అన్నాడు వజీర్.

నగ్మా తన పేరు కొట్టింది. సర్వరు ఊరుకుంది. ఆమె మొహం ముడుచుకుని టీ గ్లాసు తీసేసుకోబోయింది. వజీర్ నవ్వి ఏదో రాశాడు, చెయ్యి గాల్లో ఆపాడు, నొక్కాడు. "ఇప్పుడు అడుగు."

1.

"ఉన్నానండి," అంది నగ్మా, హాజరు చెప్పినట్టు.

ఆ సర్వరులో తిరిగిన మొట్టమొదటి ఉత్తరం ఆమె పేరునే వచ్చింది. అందులో ఒక్క వాక్యమే ఉంది: టీలో పంచదార మరిచావు.

మర్నాడు ఇద్దరూ రేపల్లె రైలెక్కారు. పనికి పెళ్ళాన్ని తీసుకుపోవడం ఏంటని నూర్ బీ అడగనే అడిగింది. "ఫోన్లలో మెయిల్ పెట్టాలమ్మీ, ఇద్దరైతే తొందరగా అవుతుంది," అన్నాడు వజీర్. రైల్లో నగ్మా కిటికీ పక్కన కూర్చుని వేమూరు దాకా వేరుశనక్కాయలు ఒలిచి సగం అతని జేబులో పోసింది.

ల్యాబు కాలవగట్టున చిన్న మేడ. ఇన్‌ఛార్జి సీతారావమ్మ తెల్లకోటు విప్పి కొక్కేనికి తగిలించి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని బయటికొచ్చింది. యాభై దాటిన మనిషి. రొయ్య పిల్లల్లో తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో చూసేది ఆవిడే. ఆవిడ లేదంటేనే రైతు చెరువులో పిల్లల్ని వదులుతాడు. రిపోర్టు రాసేది ఆవిడ, సంతకం పెట్టేది మాత్రం తెనాలి ఆఫీసులో ఒకాయన. ఆయన ఏనాడూ ఈ మేడ మెట్లు ఎక్కలేదట.

"సంతకానికి శిక్షణ సర్టిఫికెట్ ఉండాలమ్మా," అంది సీతారావమ్మ, నగ్మా అడిగితే. "చెన్నైలో ఇస్తారు. పరీక్ష రాశాను, పాసయ్యాను. సీట్లు తక్కువ. నా పేరున కంపెనీ ఐడీ ఉంటేగానీ దరఖాస్తు తీసుకోం అన్నారు. అందరం కలిసి వాడుకునేది చెల్లదంట. అందుకే మీ ఆయన ఎప్పుడొస్తాడా అని చూస్తున్నా. ఇవాళ పంపిస్తే రేపో ఎల్లుండో చెప్తారు. సీటు ఇస్తే శనివారం సాయంత్రం లోపు వస్తానని నేను జవాబు రాయాలి. రాయకపోతే తర్వాతవాళ్ళకి ఇచ్చేస్తారు."

వజీర్ ఆవిడ ఫోనులో కొత్త ఐడీ పెట్టాడు. "పాస్‌వర్డు మీరే కొట్టండి. మాకు చెప్పకూడదండి."

"మీకు తెలిస్తే ఏంటి బాబూ? మా అల్లుడి పేరు పెట్టు, కింద మనవరాలు పుట్టిన సంవత్సరం పెట్టు," అని పైకే చెప్పింది. వజీర్ నగ్మా వైపు చూసి నవ్వు ఆపుకున్నాడు.

సీతారావమ్మ కళ్ళజోడు తుడుచుకుని, ఒక వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ చెన్నైకి రాసి పంపింది. వెంటనే అందిందని జవాబు వచ్చింది. ఆ చిన్న మోత విని ఆవిడ ఫోనును రెండు చేతుల్తో పట్టుకుంది. "నా పేరే," అంది. "పైన ల్యాబు అని లేదు, నా పేరే ఉంది."

బల్ల మీద మామూలు టపా కట్ట ఉంది. నగ్మా ఊరికే తిప్పింది. ప్రతి కవరూ పైఅంచున కత్తెరతో కోసి ఉంది.

"అన్నీ విప్పే ఉన్నాయేంటండి?"

"తెనాలి పోయి వస్తాయి కదమ్మా. పెద్దాయన వీరరాఘవయ్యగారి రోజుల్నుంచీ అంతే. ఎవరి పేరున వచ్చినా ముందు గల్లాపెట్టె దగ్గరికి. వాళ్ళు చూశాక మనకి. మా అమ్మాయి సంబంధం ఖాయమైన ఉత్తరం కూడా వాళ్ళే ముందు చదివారు. నాకు తెలిసేలోపు అందరూ శుభాకాంక్షలు చెప్పారు." ఆవిడ నవ్వింది. నగ్మా కూడా నవ్వింది.

మధ్యాహ్నం ఆవిడ ఇంటినుంచి తెప్పించిన పీతల పులుసుతో అన్నం పెట్టింది. నగ్మా మూడోసారి వడ్డించుకుంటుంటే వజీర్ బల్ల కింద ఆమె కాలు తొక్కాడు. "తిననీ బాబూ," అంది సీతారావమ్మ. "ఇలా తినేవాళ్ళుంటే వండినదానికి ఒక అర్థం."

ఆ తర్వాతి రోజు బాపట్ల. హేచరీలో అందరి ఫోన్లూ అయ్యేసరికి పొద్దు వాలింది. ఒకరికొకరు హాయ్ అని రాసుకున్నారు, ఫోన్లు అన్నీ మోగాయి, వజీర్ లాప్‌టాప్ మూసేశాడు. ఇద్దరూ ఆటోలో సూర్యలంక వెళ్ళారు. నగ్మా చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళ అంచునే నడుస్తోంది. అల వచ్చినప్పుడల్లా భర్త పేరు పిలుస్తోంది, ఎందుకు పిలిచావని అతను అడిగితే ఏమీ లేదంటోంది.

అప్పుడు శశిధర్ ఫోన్ చేశాడు.

"వజీర్, ఒక చిన్న పని. రైతులు పేర్లు సరిగ్గా రాయరు. లేనిపోని పేరుకు రాస్తే ఆ ఉత్తరం పోకూడదు. అలాంటివన్నీ నాకు వచ్చేట్టు పెట్టు."

"అలాగేనండి."

ఒడ్డుకు లాగిన పడవ అంచు మీద కూర్చుని వజీర్ లాప్‌టాప్ తెరిచాడు. నగ్మా తెర మీద సాయంత్రపు ఎండ పడకుండా చున్నీ అడ్డం పట్టింది. మూడో పట్టికలో ఒక వరస చేర్చాడు: ఈ కంపెనీలో ఏ పేరుకైనా, శశిధర్. లేని పేరొకటి కల్పించి ఉత్తరం పంపాడు. శశిధర్ వెంటనే ఫోన్ చేసి వచ్చిందని చెప్పాడు.

లేని పేరుకు రాస్తే ఏమవుతుందో చూశాడు. ఉన్న పేరుకు రాస్తే ఏమవుతుందో చూడలేదు. అప్పటికే నగ్మా చేతిలో రెండు ఐస్‌క్రీములు కారిపోతున్నాయి.

తెనాలి వచ్చాక నగ్మా కాలేజీ రోజుల ఐడీ నుంచి సీతారావమ్మకు ఉత్తరం రాసింది. పిన్నిగారూ అని మొదలుపెట్టి, పీతల పులుసు వాసన పోతుందని ఆ రాత్రి చెయ్యి సబ్బుతో కడుక్కోలేదని, వేళ్ళు వాసన చూసుకుంటూ నిద్రపోయానని రాసింది. జవాబు రాలేదు. ఇంకోటి రాసింది, పులుసులో ఏం వేశారో చెప్పమని. దానికీ రాలేదు.

"పనిలో ఉంటారు," అన్నాడు వజీర్.

శనివారం పొద్దున ఇద్దరూ వీరరాఘవ ఆక్వా ఆఫీసుకు వెళ్ళారు. సోమవారం మార్పుకు ముందు చివరి తనిఖీ. శశిధర్ మంచి సరదా మనిషి. పెద్దాయనకు తమ్ముడి కొడుకు. ముందు టీ, తర్వాత మాట అంటాడు. ఆ రోజు కూడా టీ తెప్పించి, కుర్చీలో వెనక్కి వాలి నగ్మాను చూసి నవ్వాడు.

"ఏం చెల్లెమ్మా, రేపల్లె పులుసు అంత బాగుందా? వేళ్ళు వాసన చూసుకుంటూ నిద్రపోయావంట."

నగ్మా ముందు నవ్వేసింది. ఆ తర్వాత గ్లాసు కింద పెట్టింది.

"మీకెవరు చెప్పారండి?"

"చెప్పేదేముంది? మీ ఆయన పెట్టిన ఏర్పాటేగా. మూడూళ్ళ ఉత్తరాలూ నాకే వస్తున్నాయి. మా పెదనాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చున్నట్టే ఉంది, కత్తెర ఒక్కటే తక్కువ. లేనివాళ్ళవి అడిగితే అందరివీ ఇచ్చాడు, పోనీలే, తెలివైనవాడు అనుకున్నా."

వజీర్ మొహంలో రంగు మారింది. నగ్మా లాప్‌టాప్ తనవైపు లాక్కుంది. సీతారావమ్మ ఉందా అని రెండో పట్టికను అడిగింది. 1. ఉంది. సీతారావమ్మకు రాస్తే ఎవరికి చేర్చాలి అని మూడో పట్టికను అడిగింది. శశిధర్. హేచరీలో వాచ్‌మన్ పేరు అడిగింది. శశిధర్. ఎవరి పేరు అడిగినా శశిధర్.

"మనిషి ఉన్నాడా అని సర్వరు అడగడం లేదండి," అంది మెల్లగా, భర్తకు మాత్రమే వినపడేలా. "అది అడగకముందే బదులు మనిషి దొరికిపోతున్నాడు. ఇక రెండో పట్టికదాకా వెళ్ళనే వెళ్ళదు."

వజీర్ తెర చూశాడు. పెదవులు కదిపి మొదటినుంచీ చదివాడు. తల ఎత్తి, "సార్, ఇది ఏర్పాటు కాదండి," అన్నాడు. "నా తప్పు. సూర్యలంకలో పెట్టిన వరస అందరినీ మింగేసింది. ఇప్పుడే సరిచేస్తాను."

"తప్పేంటయ్యా? బాగానే ఉందిగా. ఉండనీ."

"మీకు బాగానే ఉందండి."

"వాళ్ళకి మాత్రం ఏమైంది? పాత ఐడీ నడుస్తోంది, పని ఆగలేదు. ఒక్కరైనా ఫోన్ చేసి నా ఉత్తరం రాలేదని అడిగారా నిన్ను?"

అడగలేదు. అది నిజం. నగ్మాకు ఆ కత్తిరించిన కవర్లు కళ్ళముందుకొచ్చాయి. ఎవరూ ఎందుకు అడుగుతారు? ఆఫీసులో చూస్తున్నారు కాబోలు, చూశాక పంపుతారు అనుకుని ఉంటారు. సీతారావమ్మ కూడా అలాగే ఓపిగ్గా కూర్చుని ఉంటుంది. ఇవాళ శనివారం.

ఆమె వజీర్ వైపు చూసింది. ఏడాది పొడుగునా సర్వరు చూసుకునే పని ఈ ఆఫీసు ఇవ్వాలి. దాన్ని నమ్ముకునే వాళ్ళు మేడ మీద గదికి కిటికీ పెద్దది చేయిద్దామనుకున్నారు. వజీర్ తెర మీది ఆ వరసనే మళ్ళీ మొదటినుంచీ చదువుతున్నాడు. ఆ కాసేపట్లోనే ఆమెకు పెళ్ళయ్యాక మొదటిసారి అతనేం చేస్తాడో తెలియలేదు.

"మీరు ఉంచమంటే ఉంచుతానండి," అన్నాడు వజీర్. నగ్మా కళ్ళు దించుకుంది. "కంపెనీ మీది. కాకపోతే సాయంత్రం లోపు అందరికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్తాను, మీ ఉత్తరాలు ముందు శశిధర్ గారు చూస్తారు అని. ఉత్తరం రాద్దామంటే అదీ మీకే వస్తుంది కదండి, అందుకని ఫోనే చెయ్యాలి."

శశిధర్ పెద్దగా నవ్వాడు. నవ్వు మధ్యలో తగ్గిపోయింది. వజీర్ నవ్వడం లేదు. అలాగని కోపంగానూ లేడు. రైలు వేళ చెప్పినట్టు చెప్పాడు. శశిధర్ తన తెర వైపు తిరిగి ఉత్తరాలు పైకీ కిందికీ జరుపుతూ కూర్చున్నాడు.

"ఇందులో నా గురించి రాసుకున్నవి కూడా ఉన్నాయిలే," అన్నాడు కాసేపటికి. "హేచరీవాళ్ళు. నా నడకను పీత నడకతో పోల్చాడు ఒకడు. చదివిన దగ్గర్నుంచీ నడిచినప్పుడల్లా అదే గుర్తొస్తోంది." మౌస్ వదిలేశాడు. "తీసెయ్యి. లేనివాళ్ళవే రానీ. అవి చాలు నాకు."

వజీర్ కుర్చీలోంచి లేచి నగ్మాను కూర్చోమన్నాడు. "కనిపెట్టింది నువ్వు. నువ్వే రాయి."

రాయాల్సింది ఒక్క ప్రశ్నే. ఉన్నవాళ్ళ పట్టికలో ఈ పేరు ఉంటే, బదులుగా ఇదే పేరు ఇవ్వు. అడిగిన పేరే జవాబు. చూస్తే అర్థం లేని ప్రశ్నలా ఉంటుంది. సీతారావమ్మ ఎవరు అంటే సీతారావమ్మ అన్నట్టు. కానీ ఆ జవాబు ముందు దొరికితే సర్వరు ఇక బదులు మనిషి కోసం వెతకదు. నగ్మా రాసింది. ఎంటర్ మీదికి వెళ్ళిన చెయ్యి దానంతట అదే గాల్లో ఆగింది. మొదటినుంచీ చదువుకుంది. నొక్కింది.

సీతారావమ్మ పేరు అడిగింది. సీతారావమ్మ అని వచ్చింది. వాచ్‌మన్ పేరు అడిగింది. వాచ్‌మన్ పేరే వచ్చింది. కల్పించిన పేరొకటి అడిగింది. శశిధర్ వచ్చాడు. చాలాసేపు అడుగుతూనే ఉంది. వజీర్ వెనక నిలబడి ప్రతి జవాబుకూ తల ఊపాడు.

తర్వాత శశిధర్ పెట్టెలో చేరినవాటిని, కవరు మీద ఎవరి పేరుంటే వాళ్ళ పెట్టెలోకి మార్చారు. అతను విప్పి చదివినవి విప్పినట్టే ఉన్నాయి. వాటిని మళ్ళీ విప్పనివాటిలా చేయడం వజీర్‌కు చిటికెలో పని. చెయ్యలేదు. "ఎవరో చదివారని వాళ్ళకు తెలియాలిగా," అన్నాడు. శశిధర్ విన్నాడు.

సీతారావమ్మవి మూడున్నాయి. నగ్మా రాసిన రెండూ విప్పి ఉన్నాయి. మూడోది చెన్నై నుంచి, నిన్నటిది. ఆ గుట్టలో శశిధర్ కంట పడలేదేమో, విప్పకుండా నల్లటి లావు అక్షరాల్లో అలాగే ఉంది. లోపల ఏముందో వజీరూ చూడలేదు, నగ్మా చూడలేదు. మిగతావాళ్ళ పెట్టెల్లోకి పోయినట్టే అదీ ఆవిడ పెట్టెలోకి పోయింది.

నగ్మా ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ల్యాబులోకి పోయేటప్పుడు ఆవిడ ఫోను బయట అరలో పెట్టేస్తుంది, సాయంత్రం దాకా తీయదు. వజీర్ బండి తాళాలు తీసుకున్నాడు.

వేమూరు దాటి, భట్టిప్రోలు దాటి, కాలవ పక్కనే దారి. మామూలుగా అయితే నగ్మా కొంగల్ని లెక్కపెట్టేది, కనపడిన ప్రతి టీ బడ్డీ దగ్గరా ఆగుదామనేది. ఇవాళ భర్త వీపుకు చెంప ఆనించి కూర్చుంది. అతని చొక్కా ఎండకు వేడెక్కి ఇస్త్రీ వాసన వేస్తోంది. ఉంచుతానండి అన్నప్పుడు తను కళ్ళు దించుకున్న సంగతి అతను చూశాడో లేదో అడుగుదామనుకుంది. గాలికి వినపడదని మానేసింది.

ల్యాబు మెట్ల దగ్గర తలుపు కొడితే సీతారావమ్మ తెల్లకోటుతోనే బయటికి తొంగి చూసింది.

"ఏంటమ్మాయ్, మళ్ళీ ఆకలేసిందా?"

"మీకు ఉత్తరం వచ్చింది పిన్నిగారూ. నిన్ననే వచ్చింది. మా తప్పు వల్ల వేరేచోటికి పోయింది. ఇప్పుడు మీ ఫోనులో ఉంది."

సీతారావమ్మ ఆదుర్దాపడలేదు. కోటు విప్పింది. చేతులు కడుక్కుంది, మోచేతుల దాకా, ఎప్పటిలాగే. తుడుచుకుంటూ, "ఆఫీసువాళ్ళు ఏమన్నారు? వెళ్ళమన్నారా?" అంది.

"వాళ్ళకు తెలియదండి," అన్నాడు వజీర్. "అది ఎవరూ విప్పలేదు. మేమూ చూడలేదు. మీరే మొదట."

ఆవిడ తుడుచుకోవడం ఆపింది. "ఎవరూ చూడలేదా?"

"లేదండి."

అరలోంచి ఫోను తీసింది. కళ్ళజోడు పెట్టుకుని తెర మీద లావు అక్షరాల్లో ఉన్న తన పేరును చాలాసేపు చూసింది, కవరు అటూ ఇటూ తిప్పి చూస్తున్నట్టు. నొక్కింది. చదివింది. మళ్ళీ పైకి జరిపి మొదటినుంచీ చదివింది. నగ్మా ఆ మొహంలో ఏదైనా కనపడుతుందేమోనని వెతికింది. ఏమీ దొరకలేదు. ఆత్రం ఆపుకోలేక ఒక అడుగు ముందుకు వేసింది.

సీతారావమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒక వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ జవాబు రాయడం మొదలుపెట్టింది. రెండు మాటలు రాశాక తలెత్తి వాళ్ళిద్దర్నీ చూసి, కాస్త సిగ్గుగా నవ్వి, ఫోనును తన గుండెల వైపు తిప్పుకుంది.

నగ్మా వెంటనే కిటికీ వైపు తిరిగింది. వజీర్ అప్పటికే అటు తిరిగి ఉన్నాడు.